మల్సున్ అత్త వదులుగా పట్టుకున్న తాడు

“ఆ వాలు మీద పిల్ల పట్టు తప్పితే ఆపేదెవరత్తా?”

సియోల్‌లో రైలెక్కినప్పటి నుంచి హేయిన్ మనసులో నలుగుతున్న మాట, చున్‌చాన్‌లో మేనత్త హోటల్లో కూర్చున్నాక బయటపడింది. పెద్ద పెనం మీద కారం పట్టించిన కోడిముక్కలు కలుపుతున్న మల్సున్ అత్త తలెత్తలేదు.

“మంచే ఆపుతుంది. అంత మెత్తటి పరుపు మీ ఇంట్లో ఉందా?”

హేయిన్ కూతురు సోదాం నెలలు నిండకుండా పుట్టింది. అద్దాలపెట్టెలో పెరిగిన పిల్ల. ఇప్పుడు ఆరేళ్ళొచ్చినా, అది దగ్గితే చాలు, హేయిన్ గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెడుతుంది. మందుల పరిశోధనలో ఉద్యోగం. తెలిసినకొద్దీ భయమే పెరిగింది. ఆ పిల్ల పుట్టినరోజుకి అడిగింది ఒక్కటే, కాళ్ళకి కట్టుకుని మంచు మీద జారే స్కీలు.

హేయిన్ కోడిముక్కని నీళ్ళగ్లాసులో ముంచి కారం కడిగింది.

“దానికి స్నానం చేయించాకే పెనం ఎక్కించాను. మళ్ళీ ఎందుకు?”

“కారం, అత్తా.”

“పిల్లకా, నీకా?”

సోదాం కిసుక్కున నవ్వింది.

అరవై దాటినా అత్త శీతాకాలం ఆదివారాలు హోటల్ మూసేసి కొండెక్కుతుంది. మామయ్య అక్కడ జనాన్ని వాలు పైకి చేర్చే లిఫ్టు నడిపే రోజుల్లో క్యారేజీ తీసుకెళ్ళి, ఊరికే నిలబడి చూడలేక తనూ స్కీల మీద జారడం నేర్చుకుంది. ఆయన పోయాకా మానలేదు. ఇంట్లో కూర్చుంటే మోకాళ్ళకి నొప్పులు గుర్తొస్తాయంటుంది.

మర్నాడు పిల్లల వాలు దగ్గర హేయిన్ సోదాం నడుముకి పట్టీ బిగించి, దాని తాడు చేతికి చుట్టుకుంది. పిల్ల స్కీలు కదిలాయి. మంచు బూట్లతో పక్కనే పరుగెత్తిన హేయిన్‌కి కాస్త వేగం కనిపించగానే చెయ్యి దానంతటదే లాగేసింది. సోదాం వెల్లకిలా పడింది.

దెబ్బ తగల్లేదు. ఏడవలేదు కూడా. “నేను పడలేదమ్మా, నువ్వు లాగావు,” అని చేతిజోళ్ళు తీసేసింది. “ఇంక వద్దులే. ఇంటికెళ్దాం.”

హేయిన్ కోరుకున్నది అదే. కానీ ఆ ‘వద్దులే’ విన్నాక ఇంటికి బయల్దేరబుద్ధి కాలేదు.

అత్త ఇద్దరికీ కాగితపు కప్పుల్లో చేప చారు తెచ్చిచ్చి, హేయిన్ పక్కన కూర్చుంది.

“ఆనకట్ట కట్టినప్పుడు మా ఊరు నీళ్ళ కిందికి పోయింది కదా. మేం గట్టు మీదికి మారాం. బడి అవతలి ఒడ్డున. చలికాలం సరస్సు గడ్డకడితే నడిచే వెళ్ళాలి. మా అమ్మ నా నడుముకి గడ్డితాడు కట్టి, రెండో కొస తను పట్టుకుని, చాలా వెనక నడిచేది.”

“చెయ్యి పట్టుకోవచ్చుగా?”

“పట్టుకుంటే ఇద్దరి బరువూ ఒక్కచోటే పడదూ? మంచు పగిలితే ఇద్దరం పోతాం. నేను వెనక్కి తిరిగేదాన్ని కాదు. తాడు మంచు మీద రాసుకునే చప్పుడు వినిపించేది. ఆ చప్పుడే అమ్మ.”

సోదాం చారు తాగడం ఆపి వింటోంది. “అమ్మమ్మా, నా వెనక కూడా చప్పుడొస్తుందా?”

“నీ వెనక నా ముక్కు చీదుడే వస్తుంది. పద.”

ఈసారి తాడు అత్త పట్టుకుంది. హేయిన్ కిందే ఉండిపోయి, చేతులు రెండూ జేబుల్లో కుక్కుకుంది. సోదాం మధ్యదాకా వచ్చి, తూలి, పక్కకి ఒరిగింది. హేయిన్ ఒక అడుగు వేసి ఆగింది. పైన అత్త ఆగింది, తాడు మంచు మీదే పడి ఉంది. పిల్ల గింజుకుని లేచింది, తల్లి వైపు చూసింది, మళ్ళీ జారింది. వచ్చి హేయిన్ కడుపుకి గుద్దుకుని, “ఇంకోసారి,” అంది.

ఇప్పుడు ఈతకొలను గట్టు మీద, బడికి రోడ్డు దాటే చోట, హేయిన్ చెయ్యి ముందుకి వెళ్ళబోయినప్పుడల్లా, ఆ సాయంత్రం రైలెక్కిస్తూ అత్త చెప్పినట్టే చేస్తుంది: “తాడు వదలకు తల్లీ. కానీ దాన్ని కాస్త నేల మీద పడి ఉండనీ. పిల్ల బరువు తాడు మీద పడినప్పుడు లాగు. నీ భయం బరువుకి లాగకు.”