బాబాయ్ వంట, మేడమ్ గ్యాసు

పరిశోధన కేంద్రం క్యాంటీన్లో వంటాయన్ని అందరూ బాబాయ్ అని ప్రేమగా పిలిచేవారు. ఆయన వంట సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు. కూరలో ఉప్పు వేశాడో లేదో గుర్తులేక, ఎందుకైనా మంచిదని మళ్లీ వేసే మనిషి ఆయన.

క్యాంటీన్ వెనక పెద్ద ట్యాంకు ఉండేది. మిగిలిన తిండిని అందులో కుళ్లబెట్టి గ్యాసు తీయడం అక్కడి మేడమ్ పరిశోధన. ఆ గ్యాసు గొట్టంలో వచ్చి బాబాయ్ పొయ్యిలోనే మండేది.

"ఇంత గ్యాసు ఇంకే క్యాంటీన్లోనూ రావట్లేదు బాబాయ్. అంతా మీ చలవే!" అని మేడమ్ ఒకరోజు నోరు జారింది. బాబాయ్ ఇంటికెళ్లి, చెప్పులైనా విప్పకుండా భార్యకు చెప్పాడు.

"ఇంతకీ ఆ ట్యాంకులో ఏం పోస్తారు?" అందావిడ.

"పళ్లాల్లో మిగిలింది."

"అంత మిగులుతుందా?"

"బోలెడు!" అన్నాడు గర్వంగా.

అన్నాక గానీ ఆ మాట ఆయన బుర్రకెక్కలేదు. ఇన్నేళ్లూ చదువుకున్నవాళ్లు మితంగా తింటారనుకున్నాడు పాపం. ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు.

మర్నాటి నుంచి భార్య చెప్పినట్టే, రుచి చూసి మరీ వండాడు. వారం తిరిగేసరికి జనం గిన్నెల అడుగులు గీకి తింటున్నారు. బాబాయ్ కాలు నేల మీద నిలవలేదు.

సరిగ్గా అప్పుడే పై అధికారులు దిగారు. పరిశోధన సాగించాలో మూసేయాలో ఆ రోజే తేల్చేస్తారు. కడుపారా భోంచేసి, టీ కోసం పొయ్యి చుట్టూ చేరారు. మేడమ్ వెలిగించింది. మంట లేచినట్టే లేచి చతికిలబడింది.

"ఇదేనా మీ గ్యాసు?" అన్నాడు పెద్దాఫీసరు.

మేడమ్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. బాబాయ్ వంక చూసి తల దించుకుంది. "ట్యాంకులోనే ఏదో లోపం ఉన్నట్టుందండి," అంది.

బాబాయ్‌కి సంగతి అర్థమైంది. తన పరువు నిలబెట్టడానికి ఈ పిల్ల సొంత కష్టమంతా నీళ్లలో కలిపేసుకుంటోంది! గరిటె కింద పెట్టి ముందుకొచ్చాడు.

"ట్యాంకుకేం, బంగారంలాంటిదండి. ఇన్నాళ్లూ నా వంట ఎవరూ తినలేక దానికి పోసేవారు. ఈ వారమే తింటున్నారు. పాపం, అది పస్తులుంటోంది."

పెద్దాఫీసరు తలూపి, "సరే, పరిశోధన సాగనిద్దాం. మరి ట్యాంకుకి తిండో?" అన్నాడు.

"మార్కెట్లో కుళ్లిన కూరగాయలు రోజూ నేనే మోసుకొస్తానండి," అన్నాడు బాబాయ్. "వంట మాత్రం మళ్లీ పాడుచెయ్యమనకండి."