చిన్నమ్మ గీసిన గుట్ట

నిన్న పేపర్లు దిద్దుతుంటే, ఒక పిల్ల రసాయన చర్య శక్తి పటం చక్కగా వేసి, అడుగున అడ్డగీత కింద 'కాలం' అని రాసింది. కొట్టేసి 'చర్య పురోగతి' అని రాయబోతూ ఆగిపోయాను. ఒకప్పుడు నేనూ అలాగే రాశాను. మా చిన్నమ్మ గుర్తొచ్చింది, ఇక మిగతా పేపర్లు మూలకు పడ్డాయి.

చిన్నమ్మ అంటే మా అవ్వ చెల్లెలు. మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. ఉట్నూర్‌లో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేది. బిగుతు జడ, భుజాన సంచి, ఆ సంచిలో ఎప్పుడూ ఒక సుద్దముక్క. మాది ఖానాపూర్. ఇంటర్ మొదటి ఏడు నేను కెమిస్ట్రీ తప్పాను. బాపు కోప్పడలేదు, భయమేసింది అందుకే. బీడీల చాట తెచ్చి నా ముందు పెట్టి, "సదివింది చాలు తియ్యి. అవ్వతోని కూసొని బీడీలు చెయ్యి" అన్నాడు. సంగతి తెలిసి మర్నాడే చిన్నమ్మ జీపు దిగింది. "బావా, సప్లిమెంటరీ దాంక పిల్లను నాకియ్యి. గప్పుడు గూడ తప్పితే నేనే చాట చేతికిస్త" అంది. ఆమెకు ఎదురు చెప్పే ధైర్యం బాపుకు ఏనాడూ లేదు.

ఉట్నూర్ జీపులో కోళ్లు, ఎరువు బస్తాలు, వాటి మీద మేము. ఘాట్ దగ్గర బండి ఆయాసపడితే డ్రైవర్ ముసలివాళ్లను తప్ప అందరినీ దింపి నడిపిస్తాడు. అది అక్కడి రివాజు, ఎవరూ గొణగరు. నడుస్తూ చిన్నమ్మ పరీక్షలో ఏం రాశావని అడిగింది. పటంలో నడుమ గుట్టలా లేచే గీత ఎంత ఎత్తుంటే అంత వేడి బయటికొస్తుందని రాశానన్నాను. మలుపు తిరిగేసరికి మా జీపు బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంది, రేడియేటర్ లోంచి బుసబుసా ఆవిరి. చిన్నమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది, నవ్వాపుకోలేక రోడ్డు మీదే కూలబడింది. "తప్పు నీది గాదు బిడ్డా, గా రేడియేటర్‌ది!" అంది. పుట్టినప్పటి నుంచి ఘాట్ మీద జీపులు కాగడం చూసినదాన్ని, ఎక్కడంలోనే వేడి పుడుతుందనుకోక ఇంకేమనుకుంటాను?

బండి చల్లారేలోపు సుద్దముక్క తీసి తారు మీద గీసింది. కింద ఖానాపూర్, పైన ఉట్నూర్, నడుమ రెండింటికన్నా ఎత్తున గుట్ట కొస. "ఎక్కుడు ఎంతున్నా ఫికర్ లేదు. బయలెల్లిన ఊరెత్తు, చేరిన ఊరెత్తు, గీ రెండిటికి తేడా సూడు. మీదున్న ఊరికి పోతే శక్తి లోపటికి, కింది ఊరికి పోతే బయటికి."

"మరి మనల దించి బండిని ఎక్కిచ్చిండు గద, డ్రైవరే ఉత్ప్రేరకమా?"

"మనం దిగితే గుట్ట తగ్గిందా? తగ్గలే. ఉత్ప్రేరకమంటే ఎత్తు తక్కువున్న ఇంకో తొవ్వ."

సెలవులంతా ఆమె ఇంట్లో పటాలే. అర్థమైందనే అనుకున్నాను గానీ, నిజంగా అర్థమైంది పరీక్షకు తిరిగి వస్తున్నప్పుడు. ఈసారి డ్రైవర్ ఎవరినీ దింపలేదు. కాస్త ఎక్కామో లేదో కొస వచ్చేసింది, ఆ తర్వాత అంతా దిగుడే. "చిన్నమ్మా, కొస గదే, మారలే! ఇటుకెల్లి ఎక్కుడు చిన్నగైంది, దిగుడు పెద్దగైంది!" అని అరిచాను. పక్కన మేకపిల్లను పట్టుకున్న ముసలమ్మ ఉలిక్కిపడింది. చిన్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అంత గొప్ప టీచరును నేను మళ్లీ చూడలేదు.

పరీక్షలో తిరుగు చర్య పటమే ఇచ్చారు. పాసయ్యాను. బాపు నా చాటను ఎవరికీ చెప్పకుండా అటకెక్కించాడు.

అడ్డగీత కింద నేను 'కాలం' అని రాసింది ఆ సెలవుల్లోనే. చిన్నమ్మ కొట్టేసి, "ఎంత సేపు పట్టిందో గీ గీత చెప్పదు బిడ్డా. ఏడికెల్లి ఏడిదాంక వచ్చినవో చెప్తది" అంది. ఇప్పుడు ఆమె లేదు. ఎన్నేళ్లయిందో లెక్కపెట్టబోయి మానుకున్నాను. బీడీల చాట నుంచి ఈ ఎర్ర పెన్ను దాకా వచ్చాను, కాలం సంగతి ఆ గీతకు అక్కర్లేనప్పుడు నాకు మాత్రం ఎందుకు?