కర్పూరానికి చోటులేని గది

కింద వీధిలో ఎవరో సాంబ్రాణి వేశారు. వాసన మెట్ల దాకా రాగానే నా చెయ్యి ల్యాబ్ తలుపు మీదికి పోయింది, సరిగ్గా మూసుకుందో లేదో చూడటానికి. రేణుక మేడం దగ్గర అబ్బిన అలవాటు ఇది.

తిరుపతిలో ఒక సంతాన సాఫల్య కేంద్రంలో నేను శిక్షణకు చేరినప్పుడు, పిండాలను పెంచే ల్యాబ్‌కు ఆవిడే అధిపతి. చంద్రగిరి మనిషి. ఆవిడ నియమాలు ఇప్పటికీ వరుసగా చెప్పగలను: పౌడరు వద్దు, సెంటు వద్దు, వాసన నూనె వద్దు, పూలు అసలే వద్దు. కొండకు వెళ్లి వచ్చినవాళ్లయినా నుదుటి గంధం కడుక్కున్నాకే లోపలికి రావాలి. ఎందుకని అడిగితే, "మనమైతే ముక్కు మూసుకుంటామబ్బా. పిండం యాడ మూసుకుంటాది? గదిలో ఏ గాలి ఉంటే అదే దానికి తగులుతాది," అన్నారు.

ఆ ఏడు ఆయుధపూజ రోజు ఇంక్యుబేటర్‌లో ఒకే ఒక్క పిండం పెరుగుతోంది. నగరిలో మరమగ్గాలు నడిపే దంపతులది. అంతకుముందు చేసిన ప్రయత్నాలేవీ నిలవలేదు. "ఇంక నా ఒళ్లు తట్టుకోలేదు మేడం, ఇదే కడసారి," అని ఆమె ముందే చెప్పేసింది.

పొద్దున్నే ఆసుపత్రి యజమాని, పెద్ద డాక్టరుగారు, అయ్యవారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర, స్కానింగ్ గదిలో హారతి అయిపోయింది. ఇక మా యంత్రాల వంతు. కర్పూరం వెలుగుతున్న పళ్లెం వరండాలోకి రాగానే మేడం బయటికి వెళ్లి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డారు. నేను లోపల అద్దంలోంచి చూస్తున్నాను.

"దేవుడి పనికే అడ్డం నిలబడతావామ్మా?" అన్నారు పెద్ద డాక్టరుగారు.

"ఆ పనే లోపల జరుగతా ఉండాది సార్. పొగ లోపలికి పోతే ఆగిపోతాది."

"ఇది నా ఆసుపత్రి. ఉద్యోగం మీద ఆశ ఉండాదా లేదా నీకు?"

"ఉండాది సార్. పోతే ఇంకోటి ఎతుక్కుంటా. ఆ నగరి ఆమెకు ఇంకోటి లేదు."

చివరికి పెద్ద డాక్టరుగారే వెనక్కి తిరిగారు. "పదండయ్యా, అంబులెన్సుకు కొట్టండి టెంకాయ!"

మేడం వెంటనే లోపలికి రాలేదు. ఒంటికి, జుట్టుకు పట్టిన వాసన పోయేదాకా మేడమీద గాలికి నిలబడి, వేరే బట్టలు మార్చుకుని వచ్చారు. "ఏమబ్బా, బొమ్మ మాదిరి నిలబడినావు? గాలి వడగట్టే మిషన్ సూసినావా?" అన్నారు, ఏమీ జరగనట్టే.

పిండాన్ని గర్భంలో పెట్టే రోజు దాన్ని తెర మీద చూపిస్తే ఆ నగరి ఆమె, "ఎవురి పోలిక మేడం?" అని అడిగింది. "ఇంత సుక్కలో పోలిక యాడ సూసేది తల్లీ!" అని మేడం పకపకా నవ్వారు. ఆ సుక్క నిలిచింది. ఆడపిల్ల పుట్టింది.

ఇప్పుడు చిత్తూరులో ఒక ల్యాబ్ నా చేతి కింద ఉంది. ఉద్యోగానికి వచ్చినవాళ్లను నేను మొదట అడిగేది చదువు గురించి కాదు. "మీ పైవాళ్లకు ఎప్పుడైనా కాదని చెప్పారా?" అని అడుగుతాను. చాలామంది తడబడతారు. పోయిన వారం ఒక అమ్మాయి మాత్రం, "చెప్పినాను సార్. దానికే ఆ ఉద్యోగం పోయింది," అంది.

ఆమెను తీసుకున్నాను.