రెండంగుళాలు తక్కువ

ఆవిడ అసలు పేరు ఏ గుర్తింపు కార్డులోనో ఉండే ఉంటుంది గాని, వీధిలో ఎవరికీ అక్కర్లేకపోయింది. నిద్ర లేచింది మొదలు మెడలో పసుపురంగు టేపు వేలాడుతూనే ఉంటుంది కనుక అందరికీ ఆవిడ టేపక్క. కూరలకు వెళ్ళినా టేపుతోనే వెళుతుంది. ఒకసారి చుట్టాల పెళ్ళికి కూడా అలాగే వెళ్ళి, ఫొటోలన్నిటిలో టేపుతోనే పడింది. ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ ఆ ఫొటోలు తీసి ఆటపట్టిస్తుంటారు.

ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఆడవాళ్ళ బట్టలు కుడుతోంది. దుకాణమంటే వీధిలోకి తెరుచుకునే ముందుగది, అంతే. రెండు మిషన్లు, బట్ట కత్తిరించే బల్ల, ఒక నిలువుటద్దం, ఎదురుచూసేవాళ్ళకు నాలుగు కుర్చీలు, కొలతలిచ్చేవాళ్ళకు మూలన ఒక పరదా. పరదాకి ఇవతల స్టూలు మీద టేపక్క అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని, లోపలినుంచి కోడలు చదివే అంకెలను పుస్తకంలోకి ఎక్కిస్తుంది. భర్త బస్సు నడుపుతాడు, కొడుకు కరెంటు పని చేస్తాడు. వాళ్ళిద్దరూ టీ కోసం తప్ప ఆ గదిలోకి తొంగిచూడరు, చూసినా వాళ్ళను పట్టించుకునే నాథుడు లేడు.

కుట్టు బాగుంటుంది, కాదనను. కాని బాగా కుట్టేవాళ్ళు ఇంకా పదిమంది ఉన్నారు. జనం టేపక్కను పట్టుకుని వదలకపోవడానికి కారణం వేరే ఉంది. దుకాణం పెట్టిన మొదటి ఏడాది ఒకావిడ నడుం కొలిచి, పరదా వెనకనుంచి ఆ అంకెను గట్టిగా చదివింది. కుర్చీలో కూర్చున్న ఇంకొకావిడ "అబ్బో" అంది. కొలతలిచ్చిన ఆవిడ మొహం కందగడ్డ చేసుకుని బయటికి వచ్చి, మళ్ళీ ఆ గడప తొక్కితే ఒట్టు. ఆ రోజే అత్తాకోడళ్ళిద్దరూ తలుపు వేసుకుని ఒక ఒప్పందానికి వచ్చారు. కోడలు నడుం కొలత రెండంగుళాలు తగ్గించి చదవాలి, అత్తగారు ఆ రెండూ కలిపి రాసుకోవాలి. టేపు మీద ముప్పై ఎనిమిదుంటే నోటితో ముప్పై ఆరు, పుస్తకంలో మళ్ళీ ముప్పై ఎనిమిది. బట్ట ఒంటికి సరిగ్గా సరిపోతుంది, వేసుకునే మనిషికి మనసూ తేలికపడుతుంది.

"ఏమిటో, బయట ఎక్కడ కొలిచినా లావుగా వస్తాను. టేపక్క దగ్గరే సరిగ్గా వస్తాను" అని బేకరీ ఆవిడ అందరితో చెప్పుకునేది. అత్తగారు ఆ మాట విన్నప్పుడల్లా తల వంచుకుని కళ్ళజోడు తుడుచుకునేది. అబద్ధమే, నేను కాదనడం లేదు. కాని వినడానికి అంత బాగుండే అబద్ధం ఆ వీధిలో ఇంకెక్కడా దొరికేది కాదు.

అలా సాగుతుండగా వీధి చివర అద్దాల షోరూము వెలిసింది. లోపల చల్లదనం, మెత్తని సోఫాలు, రెండు రోజుల్లో కుట్టివ్వడం, పైగా మొదటి జతకు సంచీ ఉచితం. టేపక్క దగ్గరికి వారానికి పదిహేను మంది వచ్చేచోట ఐదుగురు రావడం మొదలుపెట్టారు. ఒక మిషను మీద గుడ్డ కప్పేశారు. పైగా ఆ షోరూము మేనేజరు పనిగట్టుకుని వచ్చి, తమ దగ్గర వెనకగదిలో అంచులు మడిచి కుట్టడానికి ఒక మనిషి కావాలనీ, నెలజీతం ఇస్తామనీ, ఆలోచించుకొమ్మనీ చెప్పి వెళ్ళాడు. టేపక్క నవ్వుతూనే పంపేసింది గాని, ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. పండగలు వచ్చేలోగా పాతవాళ్ళు వెనక్కి రాకపోతే, పేరూ మొహమూ లేని ఆ వెనకగదిలోనే తన బతుకు తెల్లారుతుందని ఆవిడకు భయం పట్టుకుంది.

అప్పుడు టేపక్క కొత్తకోడలు ముందుకొచ్చింది. పెళ్ళయి మూడు నెలలే అయింది. అంతకుముందు ఒక సూపర్ మార్కెట్లో కార్డులిచ్చే కౌంటరులో పనిచేసిన పిల్ల. లెక్క తప్పని చెయ్యి, అలుపెరగని కాళ్ళు. ఇన్నాళ్ళూ లోపలి గదిలో గుండీలు కుడుతూ వచ్చింది గాని, బుర్రలో ఏవో తిరుగుతూనే ఉన్నాయి. పాతవాళ్ళందరికీ కార్డులు ఇద్దామంది. కార్డు మీద ఆరు గళ్ళుంటాయి, ఒక్కో జతకు ఒక్కో ముద్ర, ఐదు ముద్రలు పడితే ఆరో జతకు కుట్టుకూలి ఉండదు. కార్డు జేబులో ఉన్నంతకాలం మనిషి మనల్ని మరిచిపోదు అని చెప్పింది. అత్తగారు సరేనంది, టేపక్క మహా సంతోషంగా సరేనంది.

కార్డు వెనకవైపు ఏం వేయించబోతోందో మాత్రం ఆ పిల్ల చెప్పలేదు. అందరూ మెచ్చుకోవాలని దాచిపెట్టుకుంది. మరి వీళ్ళయినా ఆ రెండంగుళాల సంగతి పిల్లకు చెప్పారా అంటే, చెప్పలేదు. దాచాలని కాదు. ఇరవై రెండేళ్ళ అలవాటు కదా, అది చెప్పవలసిన విషయమని ఇద్దరికీ తోచనే లేదు.

టేపక్క దారాలూ లైనింగు గుడ్డా కొనడానికి టోకు బజారుకు వెళ్ళిన రోజున కార్డులు అచ్చయి వచ్చాయి. మొత్తం అరవై. కోడలు ఎండలో ఇల్లిల్లూ తిరిగి, ఎవరి కార్డు వాళ్ళ చేతిలో పెట్టి, సాయంత్రానికి కాళ్ళు లాగేస్తున్నా వెలిగిపోతూ తిరిగొచ్చింది. అత్తయ్యకూ ఒకటి చేయించానని టేపక్క చేతిలో పెట్టింది. ముందువైపు పేరు, గులాబీరంగు అంచు, ఆరు గళ్ళు, కింద అందమైన అక్షరాలతో ‘మీ కొలతలు మా దగ్గర భద్రం’. టేపక్క మురిసిపోయి కార్డు తిరగేసింది. వెనక, పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టుగా, భుజం, ఛాతీ, నడుం, పొడవు, అన్నీ అచ్చులో ఉన్నాయి.

"అందరి కార్డుల మీదా ఇలాగే వేశావా అమ్మాయీ?" అని అడిగింది.

"అరవైకి అరవై అత్తయ్యా. ఒక్కటి కూడా తప్పు పోలేదు, రెండుసార్లు సరిచూసుకున్నాను."

స్టూలు మీద ముసలావిడ పుస్తకం మూసి పక్కన పెట్టింది. ఆ తరువాత ఇద్దరూ కలిసి ఆ పిల్లను కూర్చోబెట్టి ఒప్పందం సంగతి మొదటినుంచీ చెప్పారు. వింటున్నకొద్దీ కోడలి మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది.

పొద్దున్నే జనం వస్తారు, చెడామడా దులిపేస్తారు అనుకున్నారు ముగ్గురూ. జనమైతే వచ్చారు. కాని తిట్టడానికి కాదు. ముందుగా బేకరీ ఆవిడ వచ్చి, కార్డు బల్ల మీద పెట్టి, పేరు నాదే గాని కొలతలు ఎవరివో పడ్డాయి, పాపం ఎవరో కాస్త భారీ మనిషివి, చూసి మార్చండి అంది. ఆవిడ వెనకే బ్యాంకు ఉద్యోగిని వచ్చి అదే చెప్పింది. మధ్యాహ్నానికి పదకొండు కార్డులు తిరిగొచ్చాయి. పదకొండు మందికీ ఇంకొకరి కొలతలే పడ్డాయట. అందరూ నవ్వుతూనే చెప్పారు. కొత్తపిల్ల కదా, అలవాటయ్యేదాకా ఇలాంటివి జరుగుతాయిలే అని ఓదార్చి మరీ వెళ్ళారు.

ముసలావిడకు ప్రాణం లేచొచ్చింది. వాళ్ళంతట వాళ్ళే తప్పు పిల్ల మీద వేశారు కదా, మనం నోరు మెదపకుండా ఉంటే నాలుగు రోజుల్లో సద్దుమణుగుతుంది అంది. కోడలు కూడా దానికే ఒప్పుకుంది. "నా తప్పనే చెప్పండి అత్తయ్యా. దుకాణం నిలబడడం ముఖ్యం. నన్ను రెండు మాటలంటే అరిగిపోనులెండి."

టేపక్క ఒప్పుకుంది. ఇది ఆవిడ గొప్పగా చెప్పుకునే సంగతి కాదు గాని, ఒప్పుకున్న మాట నిజం. పన్నెండో ఆవిడతో, అవునమ్మా, పిల్ల పొరబడింది అని తన నోటితోనే అంది. అంటుంటే, బల్ల చివర తల వంచుకుని దారప్పోగులు కత్తిరిస్తున్న కోడలి వేళ్ళు ఒక్క క్షణం ఆగడం కంటబడింది. టేపక్కకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నాలుగు గంటలకు హెడ్‌మేడం వచ్చారు. పక్కవీధి బడికి పెద్ద ఆవిడే. పన్నెండేళ్ళుగా ఇక్కడే కుట్టించుకుంటున్నారు. ఆవిడ గొంతు వింటే రోడ్డు మీద సైకిళ్ళు కూడా నెమ్మదిస్తాయంటారు. కుర్చీల్లో బేకరీ ఆవిడా, మరొకరూ ఉన్నారు. హెడ్‌మేడం కార్డు చూపించి, నేరుగా కోడలినే పట్టుకున్నారు. ఎదురుగా ఉన్న అంకె చూసి రాయడం చేతకానిదానివి పుస్తకం ఎందుకు ముట్టుకున్నావన్నారు, చదువుకున్నది ఇదేనా అన్నారు. తరువాత టేపక్క వైపు తిరిగి, ఈ పిల్లను దుకాణం ఛాయలకు రానిస్తే ఉన్న నలుగురూ పోతారన్నారు. కోడలు లేచి నిలబడి, సారీ మేడం అంది.

టేపక్క చేతిలో కత్తెర బల్ల మీద పెట్టేసింది.

"పిల్ల తప్పు లేదు మేడం. అది సరిగ్గానే వేసింది. పన్నెండేళ్ళుగా మీకు తప్పు చెబుతున్నది నేను. నోటితో రెండంగుళాలు తగ్గించి చదువుతాను, మా అత్తయ్య కలిపి రాసుకుంటుంది. మీకే కాదు, అందరికీ అంతే."

హెడ్‌మేడం పరదా దగ్గరికి నడిచి, కొలవమన్నారు, గట్టిగా చదవమన్నారు. టేపక్క టేపు చుట్టి, ముప్పై ఎనిమిది అని ఉన్నదున్నట్టు చదివింది. అప్పుడు స్టూలు మీదనుంచి ముసలావిడ, పాపం ఇరవై రెండేళ్ళ అలవాటు, నలభై వేశానమ్మా అంది.

బేకరీ ఆవిడకు నవ్వాగలేదు. చీర చెంగు నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తింది. హెడ్‌మేడం మాత్రం నవ్వలేదు. కార్డు సంచీలో వేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

చీకటి పడేలోగా కథ వీధంతా పాకిపోయింది. మూడు రోజులు ఒక్క మనిషి రాలేదు. ఒకావిడయితే కుట్టడానికిచ్చిన బట్టను అలాగే వెనక్కి తెప్పించుకుంది. కోడలు మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి కార్డులు ఇచ్చేయమని అడిగింది. కొందరు మొహాన కొట్టినట్టు ఇచ్చేశారు. చిత్రమేమిటంటే, ఏడెనిమిదిమంది ఇవ్వం అన్నారు. వెనకవైపు కొలతల మీద నల్లసిరా పూసేసుకుని, ఆరు గళ్ళను మాత్రం భద్రంగా దాచుకున్నారు.

టేపక్క దిగులుపడింది. తిండి సయించలేదు. వెనకగది ఉద్యోగం ఇంకా ఉందేమో కనుక్కోవాలని కూడా అనుకుంది. అయినా అన్నమాటను వెనక్కి తీసుకోవాలని మాత్రం ఆవిడకు ఒక్కసారి కూడా అనిపించలేదు. మూడు నెలలుగా ఒదిగి ఒదిగి తిరిగిన కోడలు ఆ మూడు రోజుల్లోనే ఇంట్లో గట్టిగా నవ్వడం నేర్చుకుంది, ముసలావిడను నలభై మామ్మగారూ అని పిలవడం కూడా.

నాలుగో రోజు బడి వదిలిన వేళకు హెడ్‌మేడం మళ్ళీ వచ్చారు. ఒక్కరే రాలేదు. తమ బడి టీచర్లను నలుగురిని వెంటబెట్టుకొచ్చారు. ఏం జరుగుతుందో చూద్దామని బేకరీ ఆవిడ కొట్టు వదిలేసి వెనకే వచ్చేసింది. కుర్చీలు చాలక ఇద్దరు నిలబడ్డారు. టేపక్క ఇక అయిపోయిందనుకుని బల్లను ఆనుకుని నిలబడింది.

హెడ్‌మేడం సంచీలోంచి రెండు డ్రెస్సుల గుడ్డ తీసి బల్ల మీద పెట్టారు. నిన్న ఆ షోరూముకు వెళ్ళానని చెప్పారు. అక్కడ ఒకమ్మాయి కొలిచి, ఆ చివర కంప్యూటరు ముందున్న అతనికి వినపడేలా ముప్పై ఎనిమిది అని కేకేసిందట. అతనికి సరిగ్గా వినపడక, ఎంత, ఎంత అని రెండుసార్లు అడిగాడట. సోఫాల్లో ఉన్నవాళ్ళంతా ఆ అంకె మళ్ళీ చెప్పి అతనికి సాయం చేశారట.

"నిజమే చెప్పింది, తప్పు పట్టడానికి లేదు. కాని గుడ్డ తీసుకుని వచ్చేశాను" అన్నారు. తరువాత కోడలి ముందుకు వెళ్ళి నిలబడ్డారు. "ఆ రోజు నిన్ను నలుగురిలో అన్నాను. నలుగురిలోనే చెప్పాలని వీళ్ళను తీసుకొచ్చాను. తప్పు నాదమ్మా. ఇవాళ కొలతలు నువ్వే తియ్యి."

టేపక్కకు కళ్ళు నిండిపోయాయి. మెడలోంచి టేపు తీసి కోడలికిచ్చింది. ఇరవై రెండేళ్ళలో ఆవిడకు అంత సంతోషం ఎన్నడూ కలగలేదు, దాన్ని దాచుకోవడం ఆవిడకు చేతకాలేదు. పరదా వేయబోతే హెడ్‌మేడం అక్కర్లేదన్నారు. స్టూలు మీద ముసలావిడ కలం పట్టుకుని, ఈసారి ఏం చేయాలో తెలియక ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

కోడలు మేడం నడుం చుట్టూ టేపు తిప్పి, అంకె చూసింది. అత్తయ్య వైపు ఒకసారి చూసింది. తరువాత అందరికీ వినపడేలా చదివింది.

"ముప్పై ఆరు."

ముసలావిడ కలం పుస్తకం మీద చకచకా కదిలింది. అసలు అంకె ఎంతో గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు, అందరికంటే బాగా హెడ్‌మేడానికి తెలుసు. ఆవిడ అద్దంలో తనను తాను ఒక్క క్షణం చూసుకుని, "బాగుందమ్మా" అన్నారు. తరువాతి కొలత కోసం చేతులు పైకెత్తారు.