పడుగు మీద వాలిన నెమలి

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేం కావు. నాకప్పటికి ఇరవై రెండేళ్లు. తిరువళ్లూరులో పెళ్లి ఫొటోలు తీసే ఒకాయన దగ్గర పనిలో చేరి ఏడాదైంది. అయినా తలుచుకుంటే వేరే యుగంలా ఉంటుంది, ఎందుకంటే అప్పట్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. మా ఇల్లు తిరుత్తణి దగ్గర నేతవాళ్ల వీధిలో. శనివారం భజన గోష్ఠిలో పాడుతూ, పురాణం వింటూ పెరిగినవాణ్ణి. అందుకే యజమాని తన పాత డ్రోనును రెండు రోజులు వాడుకోమని ఇచ్చినప్పుడు నాకు పెళ్లిళ్లు గుర్తుకు రాలేదు. తిరుత్తణి కొండ మీది స్వామికి పెద్ద పండగైన ఆడి కృత్తిక దగ్గర పడుతోంది. స్వామి నెమలి మీద వస్తూ కిందికి చూస్తే మా వీధి ఎలా కనబడుతుందో తీసి, గోష్ఠివారందరికీ చూపించాలనుకున్నాను.

ముందుగా దానికి పూజ చేశాను. కొత్త బండికైతే చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. దీనికి చక్రాలు లేవు గనుక నాలుగు కాళ్ల కింద నాలుగు పెట్టి, నా చేత్తోనే అదిమి చితక్కొట్టాను. (కెమెరా కంటికి విభూతి పెట్టబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ రోజు జరిగిన మంచిపని అదొక్కటే.) స్వామి వాహనం కదా అని ఒక నెమలి ఈకను దారంతో వెనక కట్టాను. మనుషుల తలల మీద ఎగరేయకూడదు, ఎగరేసే ముందు చుట్టుపక్కలవాళ్లకు చెప్పాలి అని యజమాని చెప్పిన మాటలు మాత్రం స్వామికార్యానికి వర్తించవనుకున్నాను.

పొద్దున ఆరున్నరకు మేడ మీది నుంచి డ్రోను లేపాను. వీధి పొడవునా తాళాల మామ పడుగు, అంటే చీరకు నిలువు పోగులు, పరిచి ఉంది. ఆయన మా గోష్ఠిలో తాళాలు వేసే పెద్దాయన. ఏటా కృత్తికకు మా వీధి గుడిలోని వల్లీ అమ్మవారికి చీర నేసేది ఆయనే. కర్రల మీద సాగదీసిన ఎర్రని పోగులకు అప్పుడే గంజి పట్టించి కుంచెతో దువ్వుతున్నారు. గంజి ఆరేలోపు ఏ పోగుకా పోగు విడిపోవాలి, ఆ రోజే పడుగు మగ్గానికి ఎక్కాలి. లేకపోతే పండగకు చీర అందదు. ఇదంతా నాకు తెలుసు, ఆ వీధిలోనే పుట్టాను కదా. తెలిసీ, తెర మీద ఆ ఎరుపు చూసి మైమరచి, దగ్గరగా తీద్దామని దించాను. రెక్కల గాలికి తడిపోగులు రేగి ఒకదానికొకటి అతుక్కున్నాయి. కంగారుపడి పైకి లేపేలోగా ఈక కొస రెక్కలో చిక్కుకుంది. నా నెమలి ఒక పక్కకు ఒరిగి, పడుగు నడిమధ్య వాలింది.

"యాడ నుంచి వచ్చిందిరా ఇది?" అంది కుంచె పట్టుకున్న ఎదురింటి అక్క. దాక్కుందామంటే రిమోటు నా చేతిలో అందరికీ కనబడుతోంది.

"నాదే అక్కా. స్వామి నెమలి మీద నుంచి చూస్తే ఎట్లుంటాదో అని..."

"రెక్కలుండేదంతా నెమిలైపోతాదా? మా ఇంట్లో ఫ్యానుకు గూడా ఉండాయి, మూడు."

తాళాల మామ పడుగు దగ్గరికి వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని పోగులు పట్టి చూశాడు. తెగిన కొసల్ని ఒక్కొక్కటిగా ఏరి పక్కకు పెట్టాడు. అది చూశాకే నాకు నిజంగా భయం వేసింది. "తెగింది తక్కువే. చిక్కే శానా ఉండాది," అన్నాడు. "మధ్యాన్నం లోపల విడదీస్తే అమ్మకు చీర. లేదంటే లేదు."

గోష్ఠివాళ్లంతా వచ్చి పడుగుకు రెండు పక్కలా నిలబడ్డారు. ఎవరో భజన ఎత్తుకున్నారు, చేతులు ఖాళీ లేక ఆ రోజు తాళాలు మోగలేదు. గంజి ఆరిపోకుండా తడి చిలకరించడం నా పని. "నీళ్లు మాత్రం చల్లు నాయనా, గాలి వద్దు," అంటూ అక్క ప్రతి పది నిమిషాలకూ గుర్తుచేసింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆఖరి చిక్కు విడింది. పడుగు మగ్గానికి వెళ్లింది.

సాయంత్రం మామ మా ఇంటికి వచ్చాడు. తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాను. "పొద్దున తీసింది ఉండాదా? చూపించు," అన్నాడు. ఫోనులో పెట్టాను. వీధి చివరి నుంచి మొదటిదాకా పడుగు పూర్తిగా కనబడగానే, "ఆడ నిలుపు," అన్నాడు. చాలాసేపు చూశాడు. యాభై ఏళ్లుగా వంగి పోగుల్నే చూసిన మనిషి. తన పడుగును మొత్తంగా ఒక్కచోట ఎన్నడూ చూడలేదట.

"స్వామికి ఇట్లా కనపడతా ఉంటామా," అన్నాడు మెల్లగా. తరువాత నా భుజం మీద చెయ్యి వేసి, "ముందే ఒక మాట చెప్పుంటే నేనే దువ్వేది ముగించి, అందరినీ ఓరంగా నిలబెట్టి తీయించుకుంటా ఉంటిని గదప్పా," అన్నాడు. రెండు దెబ్బలు వేసినా అంత నొప్పి పుట్టేది కాదు.

చీర కృత్తికకు అందింది. ఇప్పుడు నాకు సొంత డ్రోను ఉంది, కావలసిన కాగితాలూ ఉన్నాయి. అయినా ఎగరేసే ముందు రోజు ప్రతి గడపకూ వెళ్లి అడుగుతాను: రేపు పడుగు పరుస్తున్నారా, మేడ మీద ఎవరైనా తల ఆరబెట్టుకుంటారా, పసిబిడ్డ నిద్రపోయే వేళ ఏది అని. పైనుంచి అందరినీ చూస్తూ ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా ఉండడం స్వామికి చాతనవుతుంది. నాకు చాతకాదు గనుక తలుపు తడతాను. చేతులు కట్టుకుని అలా వాకిట్లో నిలబడ్డ నన్ను చూస్తే ఆ ఇరవై రెండేళ్లవాడు పగలబడి నవ్వుతాడేమో. నవ్వనీ, నాకు వాడంటే ఇష్టమే.