అవ్వ గొంతు నొప్పి

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి, ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు. తెలంగాణ రాకముందు, మా బిడ్డ డాక్టరు చదువుకని చైనాకు పోయిన మొదటి పన్నెండు రోజుల ముచ్చట.

గోదావరిఖనిలో మాది బొగ్గుబాయి పని ఇల్లు. అలాంటి ఇళ్లలో ఒక కట్టుబాటు ఉంటుంది. డ్యూటీకి పోయే మనిషికి చెడ్డ కబురు చెప్పకూడదు. లోపల మనసు చెదిరితే పైకప్పు చూసుకోడు, పైనుంచి బొగ్గు పెళ్ల విరిగే చప్పుడు వినడు. మా తమ్ముడికి పాము కరిచిన రోజు కూడా, మా ఆయన షిఫ్టు ముగించుకొని వచ్చి, నీళ్లు పోసుకొని అన్నం తిన్నాకే నోరు విప్పాను.

బిడ్డ అక్కడ దిగిన నాటి నుంచి ఏడుపే. మంచు పడే ఊరు. గదిలో ఉన్న పిల్లతో మాట కలవదు. కూరలన్నీ తియ్యగా ఉంటాయట. దారి తప్పితే అడగడానికి భాష రాదని క్లాసుకు తప్ప గడప దాటలేదు. రోజూ ఫోను చేసి అవ్వకియ్యమనేది. అవ్వంటే మా అత్త, పిల్లను సాకింది ఆమే. ఏం తిన్నవు బిడ్డా అని ఆమె అడిగితే చాలు, అక్కడ ఏడుపు ఆగేది.

నాలుగో రోజు పొద్దున అత్త గిన్నెలు తోముతూ తోముతూ పక్కకు ఒరిగింది. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. తల్లిని పోగొట్టుకున్న మనిషే, మా ఆయనే, నన్ను పక్కకు పిలిచాడు.

"పిల్లకు చెప్పకు. ఇప్పుడిప్పుడే లోపలికి దిగింది. జర కాళ్లు నిలవడనీ."

సాయంత్రం ఫోను మోగింది. అవ్వకు గొంతు నొస్తోంది, మాట వస్తలేదు అన్నాను. నోటికి అదే వచ్చింది.

విచిత్రం, ఆ రోజు నుంచి పిల్ల ఏడవడం మానేసింది. ఉప్పు నీళ్లు పుక్కిలించమను, చల్లవి తాగనియ్యకు, డాక్టరుకు చూపెట్టు అని రోజుకో మాట చెప్పేది. అత్త పోయిన మూడోనాడు గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టాం, కాకి ముట్టాలని పిండం ముద్ద. కాకి ఎంతకీ ముద్ద ముట్టదు. ముసలామెకు మనవరాలి మీదే పాణమున్నదని ఆడవాళ్లు అంటుంటే ఫోను వచ్చింది. ఎక్కడున్నరని అడిగింది. కమాన్‌పూర్‌లో చుట్టాలింట్లో అన్నాను.

పన్నెండో రోజు దాని గొంతులో మొదటిసారి సంతోషం విన్నాను.

"అమ్మా, ఒక్కదాన్నే బజారుకు పోయిన. మందుల దుకాణంల గొంతు పట్టుకొని చూపెట్టిన, దగ్గి చూపెట్టిన. దుకాణపాయన నవ్వి గోలీలిచ్చిండు. మా సీనియరక్క ఇంటికొస్తుంది, పంపుత. అవ్వను రెండు పూటలా చప్పరించమను."

ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి మా ఆయన వంక చూశాను. వద్దన్నట్టు తల ఊపాడు. కానీ ఆ గోలీలు అందుకోవడానికి నాకు చేతులు రాలేదు. చెప్పేశాను.

పిల్ల ఒక్కటే అడిగింది.

"ఎన్ని రోజులైంది?"

ఎనిమిది అన్నాను.

"రోజూ అడిగిన గదనే అమ్మా."

అంతే, పెట్టేసింది. నెల దాకా ఫోను లేదు. తర్వాత చేసింది, చదువూ పూర్తి చేసింది, ఇప్పుడు వేరే ఊళ్లో డాక్టరు. ఎవరి రోగమైనా ఓపికగా వింటుందట. నేను బాగున్నానంటే మాత్రం నమ్మదు. "పక్కింటక్కకియ్యి ఫోను" అంటుంది. ఆమె చెప్పాకే పెట్టేస్తుంది. నాకు నిజంగానే బాగలేని రోజు వస్తుంది, ఆ రోజు కూడా నన్ను అడగదు. ఆ ఎనిమిది రోజులు నా చేతుల్లో లేవు, దిద్దుకోవడానికి.

మీ ఇల్లు చల్లగుండాలి. దూరాన ఉన్న మీ పిల్లలు అడిగిన నాడు నిజం చెప్పే నోరు మీ ఇంట్లో ఉండాలి. అది వినే వేళ వాళ్ల పక్కన ఒక మనిషి ఉండాలి.