మిర్చి గిర్నీ పిన్ను

మా బావ జీపు స్టీరింగులో ఆట ఎంతుండేదంటే, ఆయన భద్రాచలంలో తిప్పితే చక్రాలు దుమ్ముగూడెం దగ్గర తిరిగేవి. మలుపు వస్తోందంటే ముందు రోజే చక్రాలకు ఉత్తరం రాసి పెట్టుకోవాలి. ఎదురుగా ఎద్దు కనబడితే బావ స్టీరింగును చుట్టలు చుట్టలుగా తిప్పేవాడు. జీపు మాత్రం, పెద్దల మాట వినని పిల్లాడిలా, తన దారిన తాను పోయేది. చివరికి ఎద్దే తప్పుకునేది. ఆ దారిలో ఎద్దులన్నీ మా జీపు చలవ వల్ల జ్ఞానులైపోయాయి.

ఏ ఆఫీసు వాళ్లో అరిగిపోయేదాకా వాడి వేలంలో పారేసిన జీపు అది. అక్క పుస్తెలతాడు తప్ప ఇంట్లో ఉన్న బంగారమంతా దానికింద కరిగింది. వానాకాలం, చలికాలం జనాన్ని ఎక్కించుకుని చర్ల దాకా తిప్పేవాడు బావ. ఎండాకాలం వస్తే అడవిలో బీడీలకు వాడే తునికాకు ఆరబెట్టే కల్లాల నుంచి ఆకు బస్తాలు మోసేవాడు. ఏడాదికి సరిపడా తిండి ఆ ఎండాకాలంలోనే రావాలి.

ఆ ఏడు ఉగాది ముందు బావ జీపు కిందికి దూరి, గంటసేపటి తర్వాత ఒక ఇనుప ముక్క పట్టుకుని బయటికొచ్చాడు.

"బామ్మర్దీ, గిది జూడు. గిది కొత్తది రాకపోతే ఆకు సీజన్ల నేను బండెక్క. వాగులల్లకు దిగుడులున్నయ్. నన్ను చంపుకుంటే మీ అక్క నిన్ను చంపుతది."

ముందు ఇరుసు మధ్యలో ఒక చిన్న ఇనుప చెయ్యి ఉంటుంది. స్టీరింగు తిప్పితే ఆ చెయ్యి ఇటూ అటూ ఊగి రెండు చక్రాలకూ కబురు అందిస్తుంది. ఆ చెయ్యి తిరిగేది ఈ పిన్ను మీద. బొటనవేలంత లావుండాల్సిన పిన్ను నడుం దగ్గర అరిగి, ఏడు కానుపులైన మనిషిలా అయిపోయింది. కంపెనీ పిన్ను కొనే తాహతు లేదు. లేత్ మీద చేయించాలి. బండికి సంబంధించిన బయటి పనులన్నీ నావి. మాట చాతుర్యం ఉన్నది నాకు కదా అని ఇంట్లో అందరి నమ్మకం.

మొదట ఖమ్మం వెళ్లాను. అక్కడ పేరున్న లేత్ మేస్త్రి పిన్నును గోటితో గీకి, "ఏ బండిది?" అన్నాడు.

"జీపు. స్టీరింగు పిన్ను."

ఆ మాట వినగానే ఆయన ముఖం పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రి ముఖంలా మారింది. దీనికి మామూలు ఇనుము పనికిరాదట. మంచి స్టీలు విజయవాడ నుంచి రావాలట. చేశాక గట్టిపడేలా కాల్చి టెంపర్ పట్టించాలట, ఆపైన గ్రైండింగట. ధర చెప్పాడు. ఆ ధరకు జీపుకు పిన్ను కాదు, పిన్నుకు ఒక జీపు వచ్చేలా ఉంది.

"తగ్గదా మేస్త్రీ?"

"ఇంజన్ పోతే బండి ఆగుతది. స్టీరింగ్ పోతే బండి ఆగదు, మనిషి ఆగుతడు. తగ్గదు. పో."

బస్టాండులో కూర్చుని టీ తాగుతూ ఆలోచించాను. నా బుర్ర చాలా పెద్దదని, అందులో నాలుగు ఆఫీసులు నడపొచ్చని నాకు గట్టి నమ్మకం. అది ఆ రోజు ఒక సూత్రం కనిపెట్టింది. ఖరీదంతా ఇనుములో లేదు, 'స్టీరింగు' అన్న మాటలో ఉంది. ఆ మాట నోట రానీయకపోతే పిన్ను చౌకైపోతుంది.

ఇల్లందులో బొగ్గు బావుల వర్క్‌షాపు నుంచి రిటైరైన ఒక పెద్దాయన ఇంటి వెనక రేకుల షెడ్డులో లేత్ పెట్టుకున్నాడని విన్నాను. వెళ్లాను. బక్కపలచని మనిషి. బల్ల కింద పడి ఉన్న బారెడు ఇనుప ముక్క మీద ఎడమ కాలు ఆనించి, రెండు చేతులతో చక్రాలు తిప్పుతూ పని చేసేవాడు. నూనె మరకలు పడని చోటు ఆయన ఒంటి మీద కనుగుడ్లు రెండే.

పిన్ను చేతికిచ్చాను. తిప్పి తిప్పి చూశాడు.

"జీపుదాని లెక్కుందే బిడ్డా?"

నాకు గొంతులో తడారలేదు. ఆ రోజు ఆరిపోయినా బాగుండేది.

"జీపుది కాదు మేస్త్రీ. మాది మధిర. కారం పట్టే మిర్చి గిర్నీ ఉంది. పాత ఇనుప సామాన్ల కొట్లో జీపు పిన్ను దొరికితే మా నాయన గిర్నీకి బిగించిండు. గిర్నీ చేతికి అదే ఆధారం."

అంతటితో ఆపొచ్చు. నేనెప్పుడు ఆగాను కనక! మా గిర్నీ కారం ఎంత ఘాటంటే పొట్లం విప్పితే పక్క ఊళ్లో ముసలివాళ్లు తుమ్ముతారని చెప్పాను. మా నానమ్మ ఆ కారంతో అన్నం కలుపుకుని తింటూ వీధిలో నడుస్తుంటే, ఎదురొచ్చిన గుడి ఏనుగు కళ్లనీళ్లు పెట్టుకుని వెనక్కి మళ్లిందని చెప్పాను. మా నానమ్మ నేను పుట్టకముందే పోయింది. మాకు గిర్నీ కాదు కదా, రోలు కూడా సరైనది లేదు.

పెద్దాయన నవ్వి నవ్వి దగ్గి, కళ్లు తుడుచుకుని, "గిర్నీకి గింత మంచి ఇనుమేం వద్దు, షాఫ్ట్ ముక్క చాలు, ఇయ్యాల్నే అయితది" అన్నాడు. ధర చెప్పాడు. ఖమ్మం ధరకు అది మునిమనవడు.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఇనుము ముక్కను లేత్‌కు బిగించి, స్విచ్ వేయబోయే ముందు దాని మీద అరచెయ్యి పెట్టి, దాని పని దానికి చెప్పేవాడు. బావుల్లో పనిచేసినప్పటి నుంచీ అలవాటట.

"ఇగో, నువ్వు మిర్చి గిర్నీల తిరుగాలె. శానా రోజులు తిరుగాలె. నా ఇజ్జత్ తియ్యకు."

ఆ మాటలకు నేను పెదవి కొరుక్కుని నవ్వాపుకున్నాను. పిన్ను తయారయ్యాక దాని తల మీద మొనతేలిన పంచు పెట్టి సుత్తితో మూడు చుక్కలు కొట్టాడు. అది ఆయన గుర్తు. "ఏమన్నైతే దీన్ని పట్టుకొని రా. ఎవడు జేసిండో నేనే చెప్త" అన్నాడు.

పిన్ను బిగించాక బావ జీపును పది గజాలు నడిపి ఆపి, దిగొచ్చి నా వీపు చరిచాడు. "చూపుతో తిరుగుతాంది బామ్మర్దీ!" అన్నాడు. ఆ రాత్రి అక్క కోడిని కోసింది. ఇంట్లో నేను ఒక పూట మంత్రినయ్యాను.

ఇక ఆ కథ నోట్లో ఆగుతుందా? భద్రాచలం బస్టాండు పక్క హోటల్లో రోజూ చెప్పేవాణ్ణి. స్టీరింగు పిన్నును మిర్చి గిర్నీ ధరకు ఎలా చేయించానో. చెప్పిన కొద్దీ నానమ్మ పెరిగింది. మొదటి వారం ఒక ఏనుగు, రెండో వారం రెండు. బావ వాళ్ల అన్న కూడా ఒకరోజు ఆ బల్ల దగ్గరే కూర్చుని విని, టీ పొలమారి గ్లాసు పక్కకు పెట్టాడు. పిన్ను సంగతి నిజమని ఎవరూ అనుకోలేదు. నేను చెప్పేది నిజమని అనుకునే అలవాటు ఆ హోటల్లో ఎవరికీ లేదు.

ఇక్కడి నుంచి కొలతలు సరిగ్గా చెబుతాను.

ఆకు సీజను మూడో వారం. మధ్యాహ్నం. నేను హోటల్లో నానమ్మను వీధిలోకి దించాను. ఏనుగు ఇంకా రాలేదు. చర్ల వైపు నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవర్ గడపలో నిలబడి నన్ను చూసి, "మీ బావ బండి వాగుల పడ్డది" అన్నాడు.

కల్లం నుంచి ఆకు బస్తాలు వేసుకుని వస్తున్నాడు బావ. వాగు దిగుడు దగ్గర స్టీరింగు తిప్పాడు. అది చేతిలో ఊరికే గిర్రున తిరిగింది. చక్రాలకు కబురు అందలేదు. పిన్ను మధ్యలోకి తెగింది. జీపు రాళ్ల మీద పక్కకు ఒరిగి, బావ కుడికాలు దాని కింద ఇరుక్కుంది. కల్లానికి ఆకు తెచ్చిన గూడెం వాళ్లు వాసాలు పెట్టి బండిని లేపి, మంచం మీద ఆయన్ను రోడ్డు దాకా మోశారు. దవాఖానాలో మోకాలి కింద తీసేశారు. అక్క వరండాలో కూర్చుని ఆయన రెండు చెప్పులూ ఒళ్లో పెట్టుకుంది. ఒక చెప్పు తీసి పక్కన పెట్టాలని ఆమెకు తోచలేదు, నాకు చెప్పే ధైర్యం లేదు.

బావ అన్న వాగులోకి దిగి పిన్ను ముక్కలు ఏరుకొచ్చాడు. తల మీద మూడు చుక్కలు.

"ఎవడ్రా గిది చేసింది? నడువు, చూపెట్టు."

ఇద్దరం ఇల్లందు బస్సెక్కాం. నా బతుకులో నేను నోరు మూసుకున్న అతి పొడుగైన ప్రయాణం అది.

షెడ్డులో పెద్దాయన లేత్ ఆపాడు. ముక్కలు చేతిలోకి తీసుకుని, తెగిన చోటు వేలితో తడిమి, తల తిప్పి చుక్కలు చూశాడు.

"అవ్. నాదే."

"మా తమ్ముడి కాలు పోయింది. స్టీరింగ్‌ల వేసే పిన్నుకు గిసొంటి తుక్కు ఇనుమా? మనిషివా నువ్వు?"

పెద్దాయన నా వైపు చూశాడు. అప్పుడు చెప్పాను. ఒక్క అక్షరం కలపకుండా చెప్పాను. ఖమ్మం ధర, బస్టాండులో టీ, మిర్చి గిర్నీ. స్టీరింగు అని చెప్పనే లేదని. తప్పు నాదేనని.

బావ అన్న నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు నెట్టాడు.

"ఊకో. గా కథ హోటల్ల నేనే విన్న. ముసలమ్మ, ఏనుగు. గీ మనిషిని కాపాడనీకి ఇక్కడ గూడ అదే షురూ జేస్తవా? నీకు నవ్వులాటకు ఏళాపాళా లేదా?"

"నిజమన్నా. నానమ్మ ఒట్టు."

ఆ ఒట్టు ఎందుకు పెట్టానో నాకే తెలియదు. ఆయన నేల మీద ఉమ్మి బయటికి నడిచాడు. గల్లీలో నిలబడి, ఈ షెడ్డులో పని చేయించుకుంటే చస్తారని వచ్చేపోయేవాళ్లకు కేకలేసి చెబుతున్నాడు.

నేను పెద్దాయన చేతులు పట్టుకున్నాను. "మీరు చెప్పండి మేస్త్రీ. గిర్నీ అన్నానని మీరు చెప్తే నమ్ముతరు."

"నా చుక్కలు ఉన్నయ్ గద బిడ్డా. చుక్కలు పెట్టినోడు, ఇనుము తప్పు గాదు, మనిషి తప్పని చెప్పుకుంట తిరుగుతడా?"

ముక్కల్ని బల్ల మీద పెట్టి, కాలు ఆనించుకునే ఆ బారెడు ఇనుప ముక్కను పాదంతో నా వైపు దొర్లించాడు.

"లారీ యాక్సిల్ గిది. గీ ఇనుము తెగది. వంగుడు గూడ కష్టమే. స్టీరింగ్ అని ఒక్క మాటంటే దీంట్లకెళ్లి కోసి తీద్దును. ఇంకో పూట పట్టేది, గంతే." ఆగి, "ధర గూడ గదే, గిర్నీ పిన్నుదే" అన్నాడు.

బయట కేకలు ఆగలేదు. ఆ తర్వాత ఆ షెడ్డుకు బండి పని ఒక్కటీ రాలేదని విన్నాను. డ్రైవర్ల నోళ్లు ఇల్లందు నుంచి చర్ల దాకా ఒకే తీగ. మళ్లీ ఏడాదికి నేను వెళ్లేసరికి లేత్ మీద గోనెపట్టా కప్పి ఉంది. పెద్దాయన నన్ను చూసి లోపలికి పోయి, ఆ యాక్సిల్ ముక్క తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "తీస్కపో. నాకు కాలు పెట్టుకునే పని లేదు ఇగ." దాని బరువుకు బస్సెక్కేటప్పుడు రెండుసార్లు కింద పెట్టాల్సి వచ్చింది. ఇది పెంచి చెప్పడం లేదు.

ఇప్పుడది అక్క వాళ్లింటి తలుపుకు ఆసరాగా ఉంది, గాలికి కొట్టుకోకుండా. బావ చంకకర్ర దానికే ఆనించి పెడతాడు. వచ్చినవాళ్లకు, ఇల్లందు మేస్త్రి ఒకడు తన కాలు తిన్నాడని చెబుతాడు. నేను ప్రతిసారీ అడ్డం పడి, "కాదు బావా, తిన్నది నేను" అని మొదలుపెడతాను. నానమ్మను తీసేశాను. ఏనుగుల్ని ఎప్పుడో తీసేశాను. కారం కూడా లేకుండా చెబుతాను.

బావ వచ్చినవాళ్ల వైపు కన్నుగీటి, కర్ర అందుకుని సర్దుకుని కూర్చుంటాడు.

"ఇనుండ్రి ఇనుండ్రి, మా బామ్మర్ది మొదలువెట్టిండు. ముసలమ్మ వచ్చేదాక ఎవ్వలు లేవకుండ్రి."